గొంతు దాటని మాట

"నందిగాంలో అంతమంది ముందు గడగడా చెప్పావు. ఇక్కడ ఒక్క దాలమ్మకు చెప్పడానికి నీకేమొచ్చింది ఝాన్సీ?" అంది డాక్టర్ ప్రమోదిని గొంతు తగ్గించి.

నర్సు ఝాన్సీలక్ష్మి గ్లవ్స్ తొడుక్కునే మిషతో తల వంచుకుంది.

డాక్టరమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. పలాసలో ఆ డయాలసిస్ కేంద్రానికి వారానికోసారి వచ్చే ఆమె, ఉద్దానం ఊళ్ళు తిరిగి ఒకటే మాట చెబుతుంది. సూదేసి ప్రాణం తీయడానికి మన చట్టం ఒప్పుకోదు. కానీ తనకొద్దన్న వైద్యాన్ని ఆపమనే హక్కు రోగికి ఉంది. ఆపాక కూడా ఆయాసానికీ నొప్పికీ మందులిస్తూ చివరిదాకా చూసుకోవడం మన పని. ఆ మాటల్ని ఊరివాళ్ళ భాషలోకి దించేది ఝాన్సీయే. "వొదిలీడం కాదండి, దగ్గరుండి సాగనంపడం" అని ఆమె అంటే ఎంత మొండివాళ్ళయినా మెత్తబడేవారు. అలాంటిది దాలమ్మ దగ్గరికొచ్చేసరికి ఆమెకు నోరు పెగలడం లేదు.

"మీరే చెప్పండి మేడం. నా వల్ల కాదు."

"చెప్పాను. నువ్వు చెబితేనే నమ్ముతానంటోంది. పాపమనుకుంటున్నావా?"

"అదేం కాదండి."

"మరి కొడుకంటే భయమా?"

ఝాన్సీ తలూపింది. భయపడదగ్గ మనిషే. మోహనకృష్ణ జీడిపప్పు వ్యాపారి, పదిమందిని వెంటేసుకుని తిరిగేవాడు. పోయిన నెల డాక్టరమ్మ ఈ సంగతి ఎత్తగానే, "మా అమ్మని సంపెయ్యమంతారేటి?" అని హాలు దద్దరిల్లేలా అరిచాడు. ఆ అరుపు ఝాన్సీకి బాగా అక్కరకొచ్చింది. అప్పటి నుంచీ ఆ మాట చాటునే దాక్కుంటోంది.

హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఎప్పుడూ అంతే. ఉన్నవాళ్ళలో ఒకరు పూర్తిగా ఖాళీ చేస్తే తప్ప, పేరు రాయించుకుని కాచుకున్న కొత్తవాళ్ళకు పిలుపు రాదు. కిటికీ పక్క కుర్చీలో దాలమ్మ చెయ్యి చాపి పడుకుంది. ఎన్నో ఏళ్ళు జీడిపిక్కలు కొట్టి నల్లబడిన వేళ్ళు, సూదులు దిగి దిగి ఉబ్బిపోయిన చెయ్యి.

"ఈయేళ ఎక్కడ పొడుత్తావే పిల్లా? సోటు మిగిల్నాదేటి?"

"కదలకు పెద్దమ్మా."

"మా తోట్లో బొండాలు సూసుకోడమే గానీ గుక్కెడు తాగనివ్వరు. ఇంటికెళ్తే ఒళ్ళు తెలీదు, లేత్తే మళ్ళీ ఇక్కడికే. ఇదీ ఒక బతుకేనేటే?" అని ఆమె ఝాన్సీ చెయ్యి పట్టుకుంది. "మానీడం నా సేతిలోనే ఉందంతాది ఆ డాక్టరమ్మ. నువ్వు సెప్పు. మానేత్తే తప్పా?"

తప్పు కాదు. రెండే ముక్కలు. అవి గొంతులోకి వస్తే చాలు, పరాయివాళ్ళ తోటలో కాయలు కోస్తూ పట్టుబడ్డట్టు ఉండేది ఝాన్సీకి.

"ఇంకొన్నాళ్ళు సూద్దాం పెద్దమ్మా," అంది.

"నువ్వన్నావంటే సరే," అని దాలమ్మ కళ్ళు మూసుకుంది.

ఆ నమ్మకమే ఝాన్సీని కోసేసింది. చెప్పకపోతే, ఈ ముసలి ప్రాణాన్ని మిషనుకు కట్టేసి ఉంచుతున్నది తనే. చెబితే, రేపు అద్దంలో తన మొహం తను చూసుకోలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. జేబులో ఫోన్ మోగింది. ఇంటి నుంచే. కట్ చేసింది.

కాసేపటికి దాలమ్మ పిక్కలు కొంకర్లు పోయాయి. బీపీ పడిపోయింది. "ఓలమ్మో" అని ఆమె పెట్టిన కేకకు బయటున్న మోహనకృష్ణ పరుగెత్తుకొచ్చాడు. ఝాన్సీ కాళ్ళు రుద్దుతుంటే గోడకు ఆనుకుని చూస్తూ నిలబడిపోయాడు. అంతా సర్దుకున్నాక వరండాలో ఆమెకు చేతులు జోడించాడు.

"సిస్టరుగారూ, ఆ రోజు నోరు జారీసేను. నిన్న అమ్మ నా మొహం సూసి, 'నన్నొదిలీరా నాయనా' అంది. మీ మాటయితే ఇంటాది. ఉన్నదున్నట్టు సెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంతాను."

ఇక దాక్కోవడానికి ఆ కాస్త చాటూ లేకుండా పోయింది. ఝాన్సీ వెళ్ళి దాలమ్మ పక్కన స్టూలు మీద కూర్చుంది.

"తప్పు కాదు పెద్దమ్మా. నీ ఒళ్ళు, నీ ఇట్టం. మానేత్తే ఎక్కువ రోజులుండవు. మత్తుగా ఉంతాది, ఆయాసం రావొచ్చు. దానికి మందుంది. నాను మీ ఇంటికొచ్చి ఇత్తాను. మనసు మారిందా, కబురెట్టు. ఎవులూ నిన్ను తోసీడం లేదు."

దాలమ్మ మొహం తేటపడింది. "ఈ ముక్క ఇన్నాళ్ళూ ఎందుకు దాసీసినావే?" అంది.

ఝాన్సీ బావురుమంది. మోహనకృష్ణ కళ్ళు తుడుచుకుంటూ, "మీ రునం తీర్సుకోలేం సిస్టరుగారూ," అన్నాడు. "ఇంత ప్రేమ పెట్టుకున్నావు కాబట్టే చెప్పలేకపోయావు," అని డాక్టరమ్మ ఆమె భుజం తట్టింది. ఆ చెయ్యి బరువుకు ఝాన్సీ తల ఇంకా కిందికి దిగిపోయింది.

"ఊరుకోయే పిల్లా," అంది దాలమ్మ నవ్వుతూ. "అవునుగానీ, నాను లేసిపోతే ఈ కుర్సీలోకి ఎవులొత్తారే? పాపం ఎన్నాళ్ళ నుంచి కాసుకోనున్నారో, ఆలయినా సల్లగుండాల."

'ఎవరో ఒకరు' అనేస్తే సరిపోయేది. ఆ ముసలి కళ్ళలోకి చూస్తూ ఝాన్సీ అలా అనలేకపోయింది.

"మా ఇంటాయన, పెద్దమ్మా."