మూడో క్రాంకు

ఇంజన్లో తిరిగే క్రాంక్‌షాఫ్టు ఇరుసు విరిగిన ముక్కలు రెండూ తెచ్చి పెద్దోడు తమ్ముడి బల్ల మీద పడేశాడు. షెడ్డంతా అదిరింది. మూలన కూర్చుని కిరసనాయిల్లో సామాన్లు కడుగుతున్న నాన్న మాత్రం తలెత్తలేదు. నలభై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడ్డ ఆయన చెవులు ఎప్పుడో సెలవు పుచ్చుకున్నాయి. అయినా పొద్దున్నే అందరికంటే ముందొచ్చి షట్టర్ తీసేది ఆయనే.

"రెండు నెలల్లో ఇది మూడోది," అన్నాడు పెద్దోడు.

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?" అడిగాడు చిన్నోడు.

"బస్సు డ్రైవరుకి. క్రాంకు తెగి, దాని వెనకుండే ఫ్లైవీల్ చక్రం ఊడి, కింద రేకు చీల్చుకుని పైకొచ్చింది. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. ఆస్పత్రి నుంచే వస్తున్నా."

చిన్నోడు స్టూలు మీద కూలబడ్డాడు. ఇంజన్ విప్పడం, బిగించడం అన్న పని. చక్రాలకు బరువు సరిచూడటం తమ్ముడి పని. ఒకడు చేసినదాన్ని ఇంకొకడు తిరగేసి చూడకపోవడం ఆ షెడ్డు పద్ధతి. తమ్ముడి బల్ల మీంచి దిగిన సామాను నాన్న దగ్గర ఓ రాత్రి ఉండి, శుభ్రపడి, మర్నాడు అన్న బల్లెక్కుతుంది. అన్నదమ్ములన్నాక ఆ మాత్రం నమ్మకం ఉండాలని వాళ్ల ధీమా. ఆ ధీమాయే కొంప ముంచింది.

"ఈ రకం ఇంజన్లో క్రాంకుకి దానంతట దానికి తూకం ఉండదు," అన్నాడు పెద్దోడు. "వెనక ఫ్లైవీల్‌కీ, ముందు డ్యాంపర్ చక్రానికీ ఒక పక్క కావాలనే బరువు ఉంచాలి. మూడూ కలిస్తేనే తూకం. లేకపోతే క్రాంకు అదిరి అదిరి తెగుతుంది. అవునా, కాదా?"

"నాకు తెలీదా అన్నయ్యా? పాత చక్రంలో బరువు ఎటు ఎంత ఉందో చూసి, కొత్తదాంట్లోనూ అటే, అంతే ఉంచి పంపాను. మూడు ఇంజన్లకీ."

"అయితే చూద్దాం రా."

నాన్న కాలం నాటి స్టాండొకటి ఉంది. రెండు ఇనప పట్టాల మీద ఇరుసు పెట్టి, దానికి చక్రం తగిలిస్తే, బరువున్న పక్క దానంతటదే కిందికి దిగుతుంది. అబద్ధం చెప్పడం రాని పనిముట్టు. క్రాంకు ముక్కలతో పాటు తెచ్చిన ఫ్లైవీల్‌ని పెద్దోడు దానికెక్కించాడు. పావు చుట్టు తిప్పి వదిలాడు. కదల్లేదు. అర చుట్టు తిప్పాడు. అక్కడే నిలబడింది, బుద్ధిమంతుడిలా.

"ఏదిరా నువ్వుంచిన బరువు?"

చిన్నోడు చక్రం వెనక వేలు పెట్టి తడిమాడు. బరువు తగ్గించాల్సిన చోట ఇనుముకి చిల్లులు వేయడం ఆ పనిలో మామూలే.

"ఈ మూడు చిల్లులూ నేను వేసినవి. ఎదురు పక్క ఈ నాలుగూ నావి కావు."

"నీవి కాకపోతే ఎవరివి? దయ్యాలొచ్చి డ్రిల్లింగ్ మిషన్ తిప్పాయా?"

"బిగించే ముందు నువ్వొకసారి చూడాల్సింది."

"నీ చేతి పని నేను చూడటమేంటని చూడలేదు." పెద్దోడు చక్రం మీంచి చెయ్యి తీశాడు. "ఆ డ్రైవరు నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడో తెలుసా? బ్రేకు మీంచి కాలు తియ్యలేదు మేస్త్రీ, బస్సులో ఒక్కరికీ ఏం కాలేదు అన్నాడు. ఆ కాలేరా పోయింది."

చిన్నోడు ఆ నాలుగు చిల్లుల్నీ మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగే. ఇంట్లో పసిపిల్లకి ఒంట్లో బాగోలేక రెండు నెలలుగా అతనికి కంటి మీద కునుకు లేదు. తన చేతిని తానే నమ్మలేకపోతే పనివాడికి ఇంకేం మిగులుతుంది?

"నేనే వేశానేమో అన్నయ్యా," అన్నాడు చివరికి. "గుర్తు రావట్లేదు. మూడుసార్లూ నేనే వేశానేమో."

పెద్దోడు కాదనలేదు. ఆ ఒక్కమాట అని ఉంటే బాగుండేది.

"ఇంక నువ్వు ఈ షెడ్డులో అడుగు పెట్టకు," అన్నాడు.

చిన్నోడు లేచాడు. కొలతల పెట్టె మూసి, అన్న బల్ల మీద పెట్టాడు. "స్టేషనుకెళ్లి తప్పు నాదేనని చెప్పేస్తాను. నిన్ను లాగరు. నాన్నని చూసుకో." మోటార్‌సైకిల్ చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి ఆగిపోయింది. పెద్దోడికి పరుగెత్తి ఆపాలనిపించింది. డ్రైవరు కాలు గుర్తొచ్చి కాళ్లు కదల్లేదు.

నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "చిన్నోడేంట్రా, ముఖం వేలాడేసుకుని పోతున్నాడు?"

అరిచి చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే. పెద్దోడు స్టాండు మీది ఫ్లైవీల్‌ని చూపించాడు.

ఆయన దాన్ని రెండు వేళ్లతో తిప్పి వదిలాడు. అది ఎక్కడ వదిలితే అక్కడ ఆగింది. ముసలాయన ముఖం తృప్తిగా వెలిగింది. బయటికి ఓ చూపు చూసి, చిన్నోడు వెళ్లిపోయాడని రూఢి చేసుకుని, పెద్దోడి చెవి దగ్గరికి వంగి, రహస్యం చెబుతున్నాననుకుంటూ షెడ్డంతా వినిపించేలా అన్నాడు:

"నీకు తెలిస్తే వాణ్ని తిడతావని చెప్పలేదురా. పాపం వాడికి ఈమధ్య చెయ్యి కుదరట్లేదు, మూడు ఇంజన్లకీ ఒక పక్క బరువుతోనే పంపాడు. పొద్దున్నే మీరు రాకముందే నేను చిల్లులు వేసి సరిచేసేశాను."