రాజలింగం కట్టుకున్న పట్టీ

సోమవారంలోగా స్నిగ్ధ ఈత నేర్చుకోవాలి, వయొలిన్ వాయించాలి, నాటకంలో ఏడవాలి, లెక్కలు తిరగెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, తన మీద తనకున్న నమ్మకం, దాన్ని కొలిచే చేతిపట్టీ మీద అరవై దాటాలి. దాటని పిల్లలను పదో తరగతి పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ కాలంలో ఏ బడిలోనైనా అదే నియమం.

స్నిగ్ధ అంకె యాభై దగ్గరే మొరాయించింది. తండ్రి రాజలింగానికి మనసు ఊరుకోలేదు. ఆదివారం పిల్ల స్నానానికి వెళ్ళగానే ఆ పట్టీని తన చేతికి కట్టుకుని, డ్రోన్లు బాగుచేసే తన కొట్టుకు వెళ్ళిపోయాడు. పెద్దవాడి ధైర్యానికి అంకె దానంతటదే పెరుగుతుందనుకున్నాడు.

కాసేపటికి స్నిగ్ధ కొట్టుకు పరుగున వచ్చి, తండ్రి చేతికున్న పట్టీని చూసింది.

"బడి నుంచి ఫోనొచ్చింది బాపూ! నా అంకె పన్నెండుకు పడ్డదట! నన్నేమో ఈతకు, నాటకానికి తోలుతవు. నువ్వు మంచిగ జేస్తవని నీకెవ్వలు చెప్పలేదా?"

"మాకెవలు చెప్తరు బిడ్డా! ఖరాబైతే తెస్తరు, బాగైతే పట్టుకపోతరు."

స్నిగ్ధ వయొలిన్ క్లాసు మానేసి అక్కడే కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్ళకూ "మా బాపే జేసిండు, ఎగరేసి చూడుండ్రి" అని గొప్పగా చెప్పింది. రాజలింగం సిగ్గుతో తల వంచుకుని నవ్వాడు. సాయంత్రం పట్టీ కూతురి చేతికి మారాక, తండ్రి గురించి అంత గట్టిగా చెప్పిన ధైర్యానికేమో, అరవై మూడు చూపింది.

మీ పిల్లల అంకెలు చూసి దిగులుపడేటప్పుడు రాజలింగాన్ని ఒక్కసారి తలుచుకోండి. అతని వయసువాళ్ళకు ఎవరూ పట్టీలు ఇవ్వలేదు.