కోడలింట్లో హనుకా

“తురిమిన బంగాళాదుంపల్ని గుడ్డలో వేసి పిండావా?”

తలుపు తీయగానే బిర్గిట్టె అడిగిన మొదటి మాట అది. ఆవిడ కోటు మీద మంచు ఇంకా కరగలేదు. విందుకు ఇంకా గంట టైముంది.

“రెండుసార్లు పిండాను అత్తయ్యా,” అంది మారెన్.

“ఇంకోసారి పిండు. నీళ్లుంటే అట్లు మెత్తబడిపోతాయి.”

మారెన్ మళ్లీ పిండింది. మరో రెండు చెంచాల నీళ్లు దిగాయి. అది చూసి ఆమెకు ఒళ్లు మండింది.

ఇన్నేళ్లూ కోపెన్‌హేగన్‌లోని ఆ యూదు కుటుంబానికి హనుకా దీపాల పండగ విందంటే బిర్గిట్టె ఇంట్లోనే. మారెన్ జాలర్ల ఇంటి పిల్ల. యోఎల్‌ని పెళ్లి చేసుకునే ముందు రెండేళ్లు చదివి, ముగ్గురు పెద్దల ముందు కూర్చుని జవాబులు చెప్పి, యూదు మతంలోకి వచ్చింది. వచ్చి ఆరేళ్లయినా అత్తగారి వంటింట్లో ఆమెకు దక్కింది గిన్నెలు తుడిచే పనే. ఈసారి విందు మా ఇంట్లో పెడతానని తనే నోరు తెరిచి అడిగింది. “చూద్దాం,” అంది బిర్గిట్టె. ఆ ఒక్క మాట పట్టుకుని మారెన్ నెల రోజులుగా దీపాల ప్రార్థనను అద్దం ముందు వల్లె వేస్తోంది.

యోఎల్ దీపపు సెమ్మెను భోజనాల బల్ల మీద పెట్టబోయాడు.

“అక్కడ కాదు, కిటికీలో పెట్టు,” అంది మారెన్.

“రోడ్డు మీదికి కనిపిస్తుంది మారెన్. పోయినేడు పక్క వీధిలో ఇలా దీపాలు పెట్టిన ఇంటి మీద రాయి పడింది, గుర్తుందా?”

“కనిపించాలనే కదా వెలిగించేది! ఇంత కష్టపడి ఈ ఇంటి మనిషినయ్యాను. ఇప్పుడు దాక్కోమంటావా?”

యోఎల్ తల్లి వైపు చూశాడు. ఆవిడ కోడలి ముఖాన్నే చూస్తోంది. అతను సెమ్మెను తీసుకెళ్లి కిటికీలో పెట్టాడు.

బిర్గిట్టె బల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

“మీగడ పెట్టావేం?”

“మాంసంతోనే కదా పాలు కలపకూడనిది అత్తయ్యా? ఇవాళ అంతా చేపే. అందుకే పెట్టాను.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పలేదు. మీ వంటింట్లో గిన్నెలు తుడుస్తూ చూశాను.”

“ఊఁ,” అంది బిర్గిట్టె.

నాలుగింటికల్లా బయట చీకటి పడింది. పదకొండు మంది వచ్చారు. యోఎల్ అక్క తమార్ కోటు విప్పకుండానే ఒక అట్టు తుంచి నోట్లో వేసుకుంది.

“బాగానే కుదిరాయే! అమ్మ చేసినట్టు లేవనుకో.”

“నేర్చుకుంటున్నాను వదినా.”

“అదే అంటున్నా. ఎంత నేర్చుకున్నా నేర్చుకున్నట్టే ఉంటుంది. మా అమ్మవైపు వాళ్లు ఒక్కరూ లేరు. ఏమయ్యారో ఆవిడ చెప్పదు, మేం అడగం. అయినా చూడు, ఆ చెయ్యి పడితే చాలు, తరతరాల రుచి తెలిసిపోతుంది.”

మారెన్ నవ్వింది. పళ్లెం తీసుకుని తర్వాతివాళ్ల దగ్గరికి నడిచింది.

దీపాల వేళయింది. ఏటా వెలిగించేది బిర్గిట్టే. అందరూ ఆవిడకు దారిచ్చారు. ఆవిడ అగ్గిపెట్టె తీసి కోడలి చేతిలో పెట్టింది.

“ఇల్లు నీది. నువ్వే వెలిగించు.”

అది పండగ ఐదో సాయంత్రం. మారెన్ ఐదు కొవ్వొత్తుల్ని కుడివైపు నుంచి వరసగా నిలబెట్టింది. మొదటి మాటకు గొంతు తడబడింది. రెండో మాటకు నిలదొక్కుకుంది. ఆ తర్వాత ఆమె గొంతు గదంతా నిండింది. ఎడమవైపు నుంచి ఒక్కొక్కటే వెలిగించుకుంటూ వెళ్లింది. చివరిది అంటుకునేసరికి, కింద రోడ్డు మీద సైకిలు ఆపి నిలబడిన ఎవరో అమ్మాయి కిటికీ వైపు చెయ్యి ఊపింది. మారెన్ తలెత్తి, తనూ చెయ్యి ఊపింది. యోఎల్ కళ్లు తుడుచుకున్నాడు.

అందరూ కలిసి పండగ పాట పాడాక తమార్ పెదవి విరిచింది.

“అయినా నువ్వే చదవాల్సింది అమ్మా. పుట్టుకతో యూదులైనవాళ్ల నోట ఆ మాటల తీరే వేరు.”

“అక్కా!” అన్నాడు యోఎల్.

బిర్గిట్టె చేతిలోని పళ్లెం పక్కన పెట్టి, వెళ్లి కోడలి పక్కన నిలబడింది.

“నా నోట ఎలా ఉంటాయే, తమార్?”

“నీకేం అమ్మా! నువ్వు చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది.”

బిర్గిట్టె కోడలి భుజం మీద చెయ్యి వేసి, నిటారుగా నిలబడింది.

“నేను చర్చి పాస్టరుగారి కూతుర్ని.”