శనివారం ఎర్రర్

“మళ్లా పడిపోయిందే గౌసియా ఈ డిస్కు,” అంది హెప్సిబా ఫోన్లో.

గౌసియా జమ్మలమడుగు పిల్ల. బెంగుళూరు ఆఫీసులో హెప్సిబాది పక్క సీటు. కంప్యూటర్‌ను లోపల్నుంచి నడిపే కెర్నెల్‌కీ డిస్కులకీ మధ్య మాటలు మోసే డ్రైవర్లు రాయడం ఇద్దరి పని. హెప్సిబా ఇప్పుడా పని ప్రొద్దుటూరులో, అత్తగారింట్లో కూర్చుని చేస్తోంది. వైరుతో ల్యాప్‌టాప్‌కు తగిలించిన ఈ నల్లటి డబ్బా డిస్కు మాత్రం ఆఫీసుది కాదు. ఏడాది కిందట యాక్సిడెంటులో పోయిన మొగుడు వినోద్ కుమార్‌ది. అతను పాడిన పాట వీడియో ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. ఫోను అతనితో పాటే లారీ కింద నలిగిపోయింది. రేపు ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. ఆ పాట వినిపిస్తామని పాస్టరు అయ్యగారు సంఘానికంతా చెప్పేశారు.

“ఏమంటాంది?” అని అడిగింది గౌసియా.

“పేరడిగితే చెప్తాంది. సైజు అడిగితే చెప్తాంది. ఫైలు చదవమంటే నోరు మూసుకుంటాంది. ముప్పై సెకన్లు చూసి డ్రైవర్ రీసెట్ కొడ్తాంది. మళ్లా అదే కథ.”

“అచ్చం నీ మాదిరే ఉందే. ఆఫీసు పని అడిగితే చెప్తావు, ఎట్లుండావే అంటే పలకవు.”

డిస్కు ఎప్పుడేం చేసిందో రాసుండే లాగ్ తెరిచింది హెప్సిబా.

“సర్లే. ఎప్పట్నించి?”

“నెలన్నర. లాగ్ చూస్తే వింతగా ఉంది. ఎర్రర్లన్నీ శనివారం మధ్యాహ్నమే మొదలైతాయి. గురువారానికి రోంత తగ్గుతాయి గానీ పాట ఫైలు మాత్రం చదవనీదు. మళ్లా శనివారం పడిపోతాది.”

“డిస్కుకు వారాలు తెల్సునా? శనివారం ఏదో అప్‌డేట్ పడ్తాంటాది, చూడు.”

చూసింది. ఏ అప్‌డేటూ పడలేదు. అసలు శనివారం పొద్దున ల్యాప్‌టాప్ మూత తెరిచేవాళ్లే లేరు. ఆ పూట తను చర్చిలో పాటల ప్రాక్టీసుకు పోతుంది.

అత్త నరసమ్మ వంటింట్లో నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“పలికినాడా అమ్మీ?”

“ఇంకా లేదత్తా.”

“దాంట్లోనే ఉండాడంటివే?”

“ఉండాడత్తా. దీంట్లోనే ఉండాడు. బయటికి తీయాల, అంతే.”

నెలన్నరగా అత్త అడిగినప్పుడల్లా హెప్సిబా చెప్పే మాట ఇదే. నరసమ్మ డిస్కును ఒకసారి నిమిరి వంటింట్లోకి పోయింది.

పొద్దున తొమ్మిదింటికి దారి దొరికింది. డ్రైవర్ ఒకేసారి ముప్పై రెండు ఆదేశాలు డిస్కు నెత్తిన కుమ్మరిస్తోంది. నోట్లో ముద్ద మింగకముందే ఇంకో ముద్ద కుక్కితే ఎవరైనా ఏం చేస్తారు? ఒక్కొక్కటే అడుగు, జవాబొచ్చాకే రెండోది అడుగు అని ఈ డిస్కు పేరున డ్రైవర్‌లో ఒక లైను చేర్చింది. వైరు పీకి చూస్తే కొన జిడ్డుగా తగిలింది. తలకు నూనె రాసుకున్న చేత్తో పట్టుకున్నానేమో అనుకుని చున్నీతో తుడిచి మళ్లీ పెట్టింది.

డిస్కు పలికింది. వినోద్ గొంతెత్తి పాడుతున్నాడు.

నరసమ్మ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. “నా బిడ్డే! నా బిడ్డే అమ్మీ!” అని స్క్రీను ముందు కూలబడి ఏడ్చింది.

హెప్సిబాకు ఏడుపు రాలేదు. సంతోషమూ రాలేదు. ఏడాదిగా అంతే, లోపల ఏదో తిమ్మిరెక్కిపోయింది. ఎర్రర్ పోయింది కదా అని మాత్రం అనుకుంది.

ల్యాప్‌టాప్‌లో ఆఫీసు ఫైళ్లే నిండి ఉన్నాయి, కాపీకి జాగా లేదు. ప్రాక్టీసుకు టైమైపోతోంది.

“బజార్లో కొత్త డిస్కు కొనుక్కొస్తా. రాగానే కాపీ చేద్దాం. అంతవరకూ దీన్ని జాగ్రత్తగా చూసుకో అత్తా.”

“నా బిడ్డను నేను చూసుకోనా? పో, నిమ్మళంగా పోయిరా.”

పన్నెండింటికి ఇంటికొచ్చేసరికి బల్ల మీద డిస్కు లేదు. వైరు ఒక్కటే వేలాడుతోంది. ఇల్లంతా సీకాయ వాసన.

పెరట్లో నరసమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఒక పక్క ఆముదం గిన్నె, ఇంకో పక్క పొగలు పోయే బకెట్టు. ఒళ్లో తువ్వాలు. తువ్వాల్లో ఆ నల్లటి డబ్బా. దాని సందుల్లోంచి సీకాయ నీళ్లు కారుతున్నాయి.

“అత్తా…”

“శనివారం గదమ్మీ! మగపిల్లోళ్లకు ఈపొద్దే గదా తలకు పోయాల్సింది. వారం వారం మాడుకు రోంత ఆముదం అంటి ఊరుకుంటి. రేపు అందరి ముందరా పాడాల గదా, అందుకే వేణ్ణీళ్లు పోసినా.”

నెలన్నర లాగ్ అంతా హెప్సిబాకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. అరుద్దామనుకుంది. అత్త మొహం చూసింది. ఏడాదిగా ఆ మొహంలో కనబడని నిమ్మళం కనబడింది.

కొత్త డిస్కు కవరు గోడ వారన పెట్టి అత్త పక్కన చతికిలబడింది. తువ్వాలను తన ఒళ్లోకి తీసుకుంది. ఏడాదిలో మొదటిసారి కళ్లు మసకబారాయి.

“తల సరిగ్గా తుడవలేదత్తా,” అంది, “జలుబు చేస్తాది.”