ఫైర్‌మన్ నిద్ర

“తాడు దాటకండి సార్,” అంది గైడు.

రిటైరైన ఫైర్‌మన్ ఆగాడు. మ్యూజియంగా మారిన ఆ పాత ఫైర్‌స్టేషన్‌లో, తాడుకి అవతల ఉన్నది ఒకప్పుడు ఆయన పడుకున్న మంచమే.

“గంట మోగగానే లేచేవారా?” అడిగింది గైడు, అది ఆయన మంచమని తెలిసి.

“మోగకముందే.”

పక్కనున్న భార్య బుగ్గలు నొక్కుకుంది. “చోద్యం! ఇంట్లో చంటిది ఇల్లు పీకి పందిరేసినా ఈయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదమ్మా!”

“ఇక్కడ నేనెప్పుడు నిద్రపోయాను? బూట్లతోనే నడుం వాల్చేవాణ్ణి,” అన్నాడాయన. “ఇంట్లోనే నిద్ర. అక్కడ నువ్వున్నావుగా.”

ఇన్నేళ్లు దెప్పిన ఆవిడకి ఆ ముక్క ఒక్కనాడూ తట్టలేదు.

తిరుగు బస్సులో ఆయన ఆవిడ భుజమ్మీద గుర్రుపెట్టాడు. దిగాల్సిన స్టాపు వచ్చింది. ఆవిడ కండక్టర్ని పిలిచి, బస్సు చివరికి ఎక్కడిదాకా వెళ్తుందో అడిగి, అక్కడికి రెండు టికెట్లు తీసుకుంది.