ప్లాస్టర్ చుట్టిన వైరు

శ్రీదుర్గ స్విచ్ వేసి పది నిమిషాలైంది. బాత్రూంలో బకెట్ నీళ్ళకి ఇంకా వేడి పట్టలేదు. ఏడింటికి ఆసుపత్రిలో డ్యూటీ. రూమ్మేట్ రాగిణి తువ్వాలు భుజాన వేసుకుని, ముక్కు చీదుకుంటూ మంచం మీద కూర్చుంది. నిన్నటి నుంచి దానికి జలుబు, ఒళ్ళు నొప్పులు. అందుకే వేణ్ణీళ్ళు ముందు దానికే అని ఒప్పందం.

గుణదలలో ఉన్న ఆ నర్సింగ్ పిల్లల హాస్టల్లో గీజర్ దసరాకి పాడైంది. డిసెంబరు సగం గడిచినా దాన్ని పట్టించుకున్న వాళ్ళు లేరు. హీటర్ రాడ్లు వాడరాదు అన్న నోటీసు మాత్రం గోడ మీద నిక్షేపంగా ఉంది. గదికో రాడ్డూ అంతే నిక్షేపంగా ఉంది.

పన్నెండో నంబరు గదిలోది సీనియర్లు వెళ్తూ వెళ్తూ వదిలేసిన రాడ్డు. వాళ్ళకి వాళ్ళ సీనియర్లు ఇచ్చారట. పిడి దగ్గర వైరు పైతొడుగు చిట్లి లోపలి రాగి తీగ బయటపడితే, శ్రీదుర్గ నిన్న వార్డు నుంచి ప్లాస్టర్ తెచ్చి చుట్టింది. కట్టు కట్టడంలో సెకండియర్ మొత్తానికి ఆమె పెట్టింది పేరు. ఎక్కడా ఒక్క ముడత లేదు. ఇక దీన్ని డిశ్చార్జి చేసేయొచ్చే అని రాగిణి వేళాకోళం ఆడింది.

ఇంతలో వరండాలో తలుపులు టకటకా కొట్టుకోవడం మొదలైంది. పక్క గది పిల్ల తొంగిచూసి, వైర్ల ఆంటీ వచ్చిందని చెప్పి మాయమైంది.

ఆవిడ అసలు పేరు శౌరమ్మ. గన్నవరం నుంచి మొదటి బస్సులో దిగి, ఊళ్ళో హాస్టళ్ళన్నీ వంతులవారీగా తిరుగుతుంది. సరిగ్గా ఆరింటికి, రాడ్లు బకెట్లలో ఉండే వేళకే వస్తుంది. చేతిసంచిలో కట్టింగ్ ప్లేయర్. దెబ్బతిన్న వైరు కనిపిస్తే అక్కడికక్కడే కత్తిరించి పారేస్తుంది. కాఫీ తాగమన్నా తాగదు, ఇంటికి వెళ్ళాలంటుంది. మూడేళ్ళ క్రితం ఊళ్ళోనే ఇంకో హాస్టల్లో ఒక నర్సింగ్ అమ్మాయి రాడ్డు పెట్టిన నీళ్ళు ముట్టుకుని పోయిందని, అప్పటి నుంచి శౌరమ్మ ఇలా అయిపోయిందని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. కన్నకడుపు, ఏమనగలరు? తిట్టలేరు, భరించలేరు.

ఇలాంటి తనిఖీలకి హాస్టల్లో ఒక ఉపాయం ఉంది. ఒకరు బాత్రూంలో దూరి, గడియ పెట్టుకుని, పంపు పూర్తిగా తిప్పేస్తారు. స్నానం చేస్తున్న పిల్లని బయటికి రమ్మని ఎంత వార్డెన్ అయినా అనదు. రాగిణి ఒక్క అంగలో లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. బాత్రూం తలుపు కింద నుంచి స్విచ్ బోర్డు దాకా పాకిన వైరు మీదికి శ్రీదుర్గ కాళ్ళు తుడుచుకునే పట్టా లాగింది. ఆ కంగారులో స్విచ్ ఆపాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

శౌరమ్మ గుమ్మంలో నిలబడింది. లోపల పంపు హోరున పారుతోంది. ఆవిడ కళ్ళు బోర్డు మీద వెలుగుతున్న ఎర్రదీపం దగ్గర ఆగాయి. ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలుపు దగ్గరికి కాదు, బోర్డు దగ్గరికి ఉరికింది. స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడబెరికి, అప్పుడు తలుపు కొట్టింది.

"నీళ్ళు ముట్టుకోకుండా బయటికి రా తల్లీ."

రాగిణి వచ్చింది. పాదాలు తడిసి ఉన్నాయి. వేడెక్కాయో లేదో చూద్దామని బకెట్లో వేలు పెట్టబోతున్నానని చెప్పింది. చెప్పాక, తను ఏం చెప్పిందో తనకే అర్థమై గోడకి ఆనుకుంది.

శౌరమ్మ రాడ్డు పైకి తీసింది. తెల్లటి ప్లాస్టర్ నీళ్ళు పీల్చి బరువుగా వేలాడుతోంది. దాన్ని వేలితో నొక్కితే చుక్కలు రాలాయి. ఆవిడ రాగిణి వైపు చూడలేదు.

"ఈ కట్టు కట్టింది ఎవరమ్మా?"

నేనేనని శ్రీదుర్గ తల వంచుకుంది. తిట్లు పడతాయనుకుంది. శౌరమ్మ ఆమె పక్కన మంచం మీద కూర్చుని, రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఇది గుడ్డ తల్లీ, నీళ్ళు తాగుతుంది, తాగిన నీళ్ళలోకి కరెంటు దిగుతుంది, ఏ టేపు చుట్టినా ఇంతే, వైరు మార్చడమే దారి అని మెల్లగా చెప్పింది. చెబుతూ శ్రీదుర్గ వేళ్ళు నిమురుతూనే ఉంది.

"మా అమ్మాయి హెప్సిబాదీ ఇదే చెయ్యి. ఒక్క ముడత ఉండదు."

శ్రీదుర్గకి దుఃఖం ఆగలేదు. ఇన్నాళ్ళూ ఈవిడ వస్తుందంటే నవ్వుకున్నందుకు సిగ్గేసింది. వరండాలో ఇంకో గది తలుపు మూసుకున్న చప్పుడు, వెంటనే పంపు తిప్పిన చప్పుడు వినిపించాయి. శౌరమ్మ ఉలిక్కిపడి లేచింది. శ్రీదుర్గ ఆవిడ చేతులు వదల్లేకపోయింది.

"ఆ రోజు మీలాంటి వాళ్ళు ఎవరైనా ఆ గదికి వచ్చి ఉంటే, హెప్సిబా అక్క బతికేది కదా ఆంటీ."

"హెప్సిబా బతికే ఉందమ్మా, అది కట్టిన కట్టుని నమ్మి నీళ్ళలో చెయ్యి పెట్టింది పక్క మంచం పిల్ల."