పేకాట సొమ్ముకి పన్ను

పన్ను కడతానని తనంతట తానే వచ్చినవాణ్ణి ఆడిటర్ చూడటం అదే మొదటిసారి. తగ్గించమని వస్తారు, ఎగ్గొట్టించమని వస్తారు. ఇతను మాత్రం కట్టించుకోమని కుర్చీ అంచున కూర్చుని బతిమాలుతున్నాడు.

చూస్తే డబ్బున్నవాడిలా లేడు. బండ్ల సీట్లు కుట్టుకుని బతికేవాడు. వేళ్ళ నిండా సూదిపోట్లు, గోళ్ళ సందుల్లో ఎండిపోయిన జిగురు.

“మళ్ళీ చెప్పు. డబ్బెవరిది?”

“మా అన్నది సార్. పై దేశంలో, ఓడరేవులో పని. అక్కడ పేకాటలో గెలిచాడు. నేను వెళ్ళి తెచ్చాను.”

“ఇంతా! పెట్టి పుట్టాడయ్యా మీ అన్న.” ఆడిటర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “సరే, అక్కడెక్కడో ఎవడు ఏ ముక్క తిప్పాడో ఇక్కడెవడికి తెలుస్తుంది? అన్న తమ్ముడికి కానుకిచ్చాడని రాసేస్తా. పన్నూ లేదు, పాడూ లేదు.”

“వద్దు సార్. జూదంలో వచ్చిందనే రాయండి. రసీదులో కూడా ఆ మాట కనపడాలి.”

“నీకేమన్నా పిచ్చా? మూడోవంతు ఊడ్చుకుపోతుంది!”

“పోనీండి. లేకపోతే మా వదిన ఒప్పుకోదు.”

“మీ వదినేమన్నా పన్నులాఫీసరా?”

“ఆఫీసరయితే ఎలాగోలా కాళ్ళు పట్టుకుందును సార్.”

ఆడిటర్ కడుపు పట్టుకుని నవ్వాడు. సీట్లు కుట్టేవాడు నవ్వలేదు.

వదిన సంగతి ఆడిటర్‌కి తెలియదు. బేకరీలో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. ఒకసారి ఎవరో చిల్లర మర్చిపోయి వెళ్ళిపోతే, మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషి, వీధి చివరిదాకా పరుగెత్తి ఆ చిల్లర చేతిలో పెట్టి, అక్కడే అరుగు మీద కూలబడిపోయింది. ఆ రోజే బయటపడింది, గుండెలో కవాటం చెడిందని. మార్చాలన్నారు. ఆలస్యం చేస్తే మీ ఇష్టమన్నారు.

పేకాటంటే ఆమెకి ఒళ్ళుమంట. ఆమె తండ్రి ముక్కలకి ఇల్లు తగలేశాడు. కూతురి చెవి కమ్మలు కూడా నిద్రలో ఊడదీసుకుపోయాడు. అందుకే పెళ్ళయిన కొత్తలో, మొగుడు సరదాకి రెండాటలు ఆడొచ్చాడని తెలిసి నిలదీసింది. “ఇంకోసారి ముక్క పట్టావని తెలిస్తే నీకూ నాకూ మాటల్లేవు. ఫోన్ చేసినా ఎత్తను.” అన్నట్టే చేసే మనిషి. అన్నకీ తెలుసు, తమ్ముడికీ తెలుసు.

రేవు నుంచి ఫోనొస్తే తమ్ముడు ఉన్నపళాన బయల్దేరి వెళ్ళాడు. తిరిగొచ్చి సంచీ ఆమె మంచం మీద పెట్టి, పేకాట కథ చెప్పాడు.

ఆమె సంచీని కాలితో నెట్టేసింది.

“తీసుకుపో. ఈ పాపిష్టి సొమ్ముతో నాకు గుండె వద్దు. ఉన్న గుండెతోనే పోతాను.”

“వదినా, డాక్టరు చెప్పింది విన్నావుగా. ఇప్పుడు పంతాలేమిటి?”

“పంతమా? మా అమ్మ ఏడుపు నువ్వు చూడలేదు. ఏమంటాడు మీ అన్న?”

“ఏమీ అనలేదు.”

“అనడానికి మొహముండాలిగా! నాకు ఫోన్ చెయ్యొద్దని చెప్పావా?”

“చెయ్యడులే వదినా.”

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అతను వదిలిపెట్టలేదు. తిన్నాడో లేదో, కొట్టు తీశాడో లేదో, పొద్దునా సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. చివరికి విసిగిపోయి ఆమే అంది.

“సరే. ప్రభుత్వానికి చెప్పి, కట్టాల్సిన పన్ను కట్టి రా. దొంగసొమ్ము కాదనిపించుకుంటే అప్పుడు చూద్దాం.”

ఎవరూ కట్టరు కదా అని ఆమె ధైర్యం. మొండికేసిన మరిది ఆడిటర్ గుమ్మం తొక్కుతాడని అనుకోలేదు.

డబ్బు కట్టేటప్పుడు కిటికీ వెనకున్న గుమాస్తా రసీదు ఎగాదిగా చూసి, పక్కవాణ్ణి పిలిచి చూపించాడు. ఇద్దరూ కిసుక్కుమన్నారు. “అన్నకి అదృష్టం, తమ్ముడికి నిజాయితీ. మంచి కుటుంబమే!” అన్నాడు గుమాస్తా. మిగిలినదాన్ని తమ్ముడు గోడవారన నిలబడి మూడుసార్లు లెక్కపెట్టాడు. ఆపరేషన్‌కి బొటాబొటిగా సరిపోతుంది. మందులకి కుట్టుమిషన్ ఉంది, అమ్మితే వస్తాయి.

ఆసుపత్రి గదిలో వదిన రసీదు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ప్రతి అక్షరం చదివింది.

“ఇంత డబ్బు పోతుంటే మీ అన్న ఒప్పుకున్నాడా?”

అతను తలూపాడు.

“నా కోసమే ఆడుంటాడు కదూ? వెధవ బుద్ధి. అడిగితే ఎక్కడా అప్పు పుట్టుండదు.” దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. “మరీ తిట్టాను, పాపం. బిక్కచచ్చిపోయుంటాడు.”

నర్సు వచ్చి మంచం చక్రాల కొక్కేలు తీసింది. వదిన మరిది చెయ్యి పట్టుకుంది.

“ఇదిగో, నేను మెత్తబడ్డానని ఇప్పుడే చెప్పకు. ఇంకాస్త ఏడవనీ. కళ్ళు తెరవగానే నేనే ఫోన్ చేస్తాను.”

“అలాగే వదినా.”

మంచం వెళ్ళిపోయింది. తలుపులు మూసుకున్నాయి. తమ్ముడు అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు.

క్రేన్ తాడు తెగి బరువు మీదపడి చచ్చిపోయిన మనిషికిచ్చే పరిహారం మీద పైసా పన్ను ఉండదని, అన్నని ఆ పరాయి మట్టిలో దించిన రోజే, డబ్బు చేతిలో పెడుతూ రేవు మేనేజరు అతనికి చెప్పాడు.